రేవతి కాదు, అశ్విని

మా ఇంటికి రెండు వైపులా గిరాకీ లేకుండా పోయింది. జర్మన్లకు తలుపు నచ్చలేదు. మనవాళ్ళకు చావు నచ్చలేదు.

ముందు తలుపు సంగతి చెప్తాను. ఇంగోల్‌స్టాట్ ఊరి బయట, మ్యూనిక్ వెళ్ళే రీజనల్ రైలు ఆగే ఒక చిన్న పల్లెలో మా ఇల్లు. కొన్నప్పుడు దాని వాకిలి దక్షిణానికి, వీధి వైపు ఉండేది. ఆ మాట తెలిసి ఇండియా నుంచి ఒక్కొక్కరే వీడియో కాల్‌లో మొహం మాడ్చుకోవడం మొదలుపెట్టారు. మా ఆయన కార్ల కంపెనీలో డోర్లు డిజైన్ చేసే ఇంజనీరు. వాస్తు మీద ఆయనకు నిజంగా నమ్మకం ఉండేదా అంటే ఇప్పటికీ చెప్పలేను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుండేది ఆయన వరస. ఒక ఆదివారం ఫోన్లో కంపాస్ పెట్టుకుని ఇల్లంతా తిరిగి, తూర్పు గోడకున్న వంటింటి కిటికీ దగ్గర ఆగాడు.

"ఇదిగో, డోరు ఇక్కడ పడుతుంది," అన్నాడు. "ఎవరెవరి కార్లకో డోరు ఎక్కడుండాలో రోజంతా చెప్తాను. నా ఇంటి డోరు నేను చెప్పుకోకూడదా?"

గోడ కొట్టడానికి మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి పర్మిషన్ తెచ్చుకున్నాడు. కిటికీ తీసేసి తలుపు పెట్టించాడు. దక్షిణం తలుపును లోపలి నుంచి బోర్డుతో మూసేసి, దాని ముందు పుస్తకాల బీరువా నిలబెట్టాడు. బయట నుంచి మాత్రం అది తలుపులాగే ఉండేది, పిడితో సహా, బెల్లుతో సహా. పార్సిళ్ళు తెచ్చేవాళ్ళు పాపం అక్కడే నిలబడి బెల్లు కొట్టేవాళ్ళు. మేము పక్క సందులోంచి చెత్తడబ్బాలు దాటుకుని వాళ్ళ వెనకాలగా వెళ్ళి "హలో" అంటే ఉలిక్కిపడేవాళ్ళు. మా ఆయనకు అది చూడటం మహా సరదా. మా ఇంటికి మొదటిసారి వచ్చిన జర్మన్ ఎవరూ తిన్నగా లోపలికి వచ్చింది లేదు.

ఇక చావు సంగతి. రెండేళ్ళ కిందట మే నెలలో, పొద్దున ఏడున్నరకు, ఆఫీసుకు బయల్దేరుతూ ఆ తూర్పు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నవాడు అలాగే పక్కకు ఒరిగిపోయాడు. అంబులెన్సు వాళ్ళు వచ్చేసరికి అంతా అయిపోయింది. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. స్కూల్ బ్యాగు భుజాన వేసుకుని, నాన్న లేస్తే బయటికి వెళ్దామని వెనక నిలబడి ఉంది.

హైదరాబాద్‌లో ఉన్న మా బావగారికి, అంటే ఆయన అన్నగారికి, ఫోన్ చేశాను. ఆయన ఏడ్చి, ఊరుకుని, మళ్ళీ ఏడ్చి, చివరికి అడిగారు.

"ఎన్నింటికమ్మా?"

"పొద్దున ఏడున్నరకు బావగారూ."

సాయంత్రం ఆయనే మళ్ళీ చేశారు. "పంతులుగారు పంచాంగం చూశారమ్మా. రేవతి నక్షత్రమట. ధనిష్ఠా పంచకంలోకొస్తుంది. ఇల్లు పాడుపెట్టాలి."

తెలియనివాళ్ళకు చెప్తున్నాను. ధనిష్ఠ నుంచి రేవతి దాకా ఉన్న ఆ ఐదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే, ఆ ఇంట్లో మిగిలినవాళ్ళకు మంచిది కాదని, కొన్ని నెలలు ఇల్లు ఖాళీ చేసి తాళం వేసెయ్యాలని మనలో ఆచారం. దాన్నే పాడుపెట్టడం అంటారు. మాకు మూడు నెలలన్నారు.

"తప్పదా బావగారూ?" అన్నాను.

"పిల్ల ఉన్న ఇల్లు కదమ్మా. రిస్కు ఎందుకు?" అన్నారు ఆయన. ప్రేమగానే అన్నారు. పిల్ల అన్న మాట విన్నాక సరేననేశాను.

కార్యక్రమాలు అయిన వెంటనే ఇంటికి తాళం వేశాను. స్టేషన్ దగ్గర ఫర్నిచర్‌తో ఉన్న ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఒకే మంచం, ఒకే కిటికీ, రెండు కుర్చీలు. అమ్మాయి రోజూ "ఇంటికెప్పుడు?" అని జర్మన్‌లో అడిగేది. నేను తెలుగులో అడిగినా అది జర్మన్‌లోనే జవాబిచ్చే రకం. నాన్న చనిపోయిన గడియ మంచిది కాదని, అందుకే ఇంట్లో ఉండకూడదని చెప్పాను. పదకొండేళ్ళ పిల్లకు ఇంకెలా చెప్పాలో నాకు తెలియలేదు. గడియ మంచిది కాకపోవడమేమిటని అది అడగలేదు. అడిగుంటే బాగుండేది.

స్కూలు బస్సు మా ఇంటి ముందు నుంచే పోతుంది. రోజుకు రెండుసార్లు అమ్మాయి తన ఇంటిని కిటికీలోంచి చూస్తూ పోయేది. ఒకరోజు పక్కింటి ముసలావిడ ఫోన్ చేసి, "మీ అమ్మాయి వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంది, తాళం చెవి మర్చిపోయిందా?" అంది. ఆఫీసు కాల్ మధ్యలో వదిలేసి పరిగెత్తాను. ఆ మూసేసిన దక్షిణం తలుపు ముందు మెట్టు మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది.

"నేను లోపలికి పోలేదు. బయటే కూర్చున్నాను. బయట కూర్చుంటే తప్పు కాదు కదా," అంది.

నేను దాని చెయ్యి పట్టుకుని లేపి, రోడ్డు మీదికి లాక్కొచ్చాను. అది ఏడవలేదు. పెన్సిల్ బాక్స్ మెట్టు మీదే ఉండిపోయిందని మాత్రం చెప్పింది. వెనక్కి వెళ్ళి నేనే తెచ్చిచ్చాను.

మూడు నెలల తర్వాత తలుపు తీస్తే ఇంట్లో ముక్కిన వాసన. ఆయన చొక్కాలు బీరువాలో ఎక్కడివక్కడే ఉన్నాయి గానీ వాటిలో ఆయన వాసన లేదు. అమ్మాయి ఒక్కొక్క చొక్కా తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మడత పెట్టి, మళ్ళీ లోపల పెట్టేసింది. నాకేమీ చెప్పలేదు. చెప్పేదేముంది, నేనూ అంతకుముందే ఆ పని చేసి ఉన్నాను.

ఈ ఏడాది మా ఆఫీసువాళ్ళు ఇంటి నుంచి పని ఇక కుదరదన్నారు. ఆఫీసు ఉన్న డ్యూసెల్‌డార్ఫ్‌కు రమ్మన్నారు. కొత్త స్కూలు సెప్టెంబర్లో మొదలు. అంతలోపు ఇల్లు అమ్మాలి. ఒక్కదాని జీతంతో ఇక్కడి లోన్ కిస్తీ, అక్కడి అద్దె రెండూ మొయ్యడం నా వల్ల కాదు. అమ్మడానికి మనసొప్పుకుందని కాదు. కానీ అమ్మితే, మా ఆయన్ని పిచ్చివాణ్ణి చెయ్యకుండా, పాపిష్టివాణ్ణి చెయ్యకుండా అమ్మిపెట్టే మనిషి కావాలి. నేను అడిగింది అంతే. అది ఎంత పెద్ద కోరికో తర్వాత తెలిసింది.

ఇళ్ళు అమ్మిపెట్టేవాళ్ళను ఇక్కడ మాక్లర్ అంటారు, ఆడవాళ్ళైతే మాక్లరిన్. మొదట వచ్చింది ఒక జర్మన్ మాక్లరిన్. అరవై దగ్గర పడిన మనిషి, పొట్టి జుట్టు, మట్టి అంటినా ఫరవాలేదనిపించే బూట్లు. అందరిలాగే ఆవిడా దక్షిణం తలుపు దగ్గర బెల్లు కొట్టింది. అందరిలాగే నేనూ వెనకాలగా వెళ్ళాను. ఉలిక్కిపడలేదు గానీ నన్నూ తలుపునూ మార్చి మార్చి చూసింది. లోపలికి తీసుకొచ్చి విషయం చెప్పాను. తూర్పు మంచిదని మా నమ్మకమని, మా ఆయన పెట్టించాడని. తర్వాత ఎందుకో ఆగలేక, ఆయన ఇక్కడే, ఈ తలుపు దగ్గరే పోయాడని కూడా చెప్పేశాను.

"మీకు నా సానుభూతి," అంది ఆవిడ. తలెత్తి కప్పు చూసింది. "పైకప్పుకు ఇన్సులేషన్ ఎప్పుడు చేయించారు?"

నాకు ఒళ్ళు మండింది. రాతి గుండె మనిషి అనుకున్నాను. ఆవిడ అటకెక్కింది, సెల్లార్ దిగింది, బాయిలర్ చూసింది, అన్నీ అయ్యాక బీరువా పక్కన నిలబడి గోడ మీద వేళ్ళతో కొట్టి చూసింది.

"ఈ తలుపు తెరవాలి," అంది. "ముందు తలుపు తెరుచుకోని ఇంటిని చూడటానికి ఎవరూ రెండోసారి రారు. అది తెరిస్తే నేను అమ్ముతాను. ఇలా అయితే కష్టం."

ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించేదేమీ లేదు, చెయ్యకూడదనే నిర్ణయించుకున్నాను. ఆ బోర్డు ఆయన స్వయంగా కోసి పెట్టింది.

అందుకని మనవాళ్ళలో వెతికాను. మ్యూనిక్‌లో ఐటీ ఉద్యోగం చేసుకుంటూ శనాదివారాలు ఇళ్ళ వ్యాపారం చేసే ఒక కరీంనగర్ అబ్బాయి ఉన్నాడని తెలిసింది. వచ్చాడు. దక్షిణం తలుపు వైపు కూడా చూడకుండా నేరుగా తూర్పు వైపు నడిచొచ్చాడు. ఆ ఒక్క పనికే వాణ్ణి దగ్గరికి తీసుకోవాలనిపించింది.

"ఏం పరేషాన్ గాకు అక్కా," అన్నాడు ఇల్లంతా తిరిగి. "ఈస్ట్ ఫేసింగ్, కిచెన్ ఆగ్నేయంల. గిసుంటి ఇల్లు ఈడ యాడ దొరుకుతది? మనోళ్ళు ఎగబడి కొంటరు."

"ఆ బోర్డు తియ్యనక్కర్లేదా?"

"ఎందుకు తీస్తం అక్కా? బావ మంచి పని జేసిండు."

బావ మంచి పని చేశాడన్న మాట ఆయన పోయాక నాతో అన్నది వీడొక్కడే. టీ పెట్టి, పకోడీలు వేసి పెట్టాను.

మరుసటి వారం ఒక గుంటూరు జంటను తీసుకొచ్చాడు. చక్కని పిల్లలు, ఇద్దరూ ఉద్యోగస్తులే, ఆ అమ్మాయికి ఐదో నెల. తూర్పు తలుపు చూసి భార్యాభర్తలిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. పిల్లల గది చూశారు, పెరడు చూశారు. ఊయల ఎక్కడ వెయ్యాలో కూడా మాట్లాడుకున్నారు. మా అమ్మాయి సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది.

"మీవారు ఆఫీసుకెళ్ళారాండీ?" అంది ఆ గుంటూరు అమ్మాయి.

"లేరమ్మా. రెండేళ్ళయింది."

"అయ్యో. హాస్పిటల్లోనా అండీ?"

"ఇక్కడే."

ఆ పిల్ల మొహంలో రంగు మారింది. భర్త గొంతు తగ్గించి, "ఏమే, మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అప్పుడు అనుకున్నారే, పాడుపెట్టిన ఇల్లని, అది ఇదేనేమో," అన్నాడు. తగ్గించిన గొంతు కూడా వినబడేంత చిన్న హాలు మాది. "వాస్తు ఇంత బాగున్నా అట్టా జరిగిందంటే..." అని వాక్యం మధ్యలో మింగేశాడు. ఆ అమ్మాయి కడుపు మీద చెయ్యి వేసుకుంది. వాళ్ళను తప్పుపట్టలేను. బావగారు నాతో అన్న మాటే కదా అది, పిల్ల ఉన్న ఇల్లు, రిస్కు ఎందుకు.

వాళ్ళు వెళ్ళాక ఆ కరీంనగర్ అబ్బాయి చాలాసేపు గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే అనుకున్నాను. ఆయన పెట్టించిన తలుపు కోసం వచ్చినవాళ్ళు ఆయన చావును చూసి వెళ్ళిపోతున్నారు.

"అక్కా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు," అన్నాడు చివరికి. "బావ పోయింది ఎన్ని గంటలకు?"

"ఏడున్నర."

"ఈడి టైమా, ఇండియా టైమా?"

"ఇక్కడి టైమే."

"మరి పంతులుకు చెప్పిందేంది?"

"ఏడున్నర అనే."

అన్నాకే తట్టింది, అది ఇక్కడి టైమని. వాడికీ తట్టింది. ఫోన్ తీసుకుని లేచి, "మ్యూనిక్‌ల మన పంతులున్నడు, గృహప్రవేశాలు జేయిస్తడు, కనుక్కొని చెప్త," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం పట్టలేకపోతున్నాడు.

"అక్కా, గుడ్ న్యూస్. రేవతి కాదు, అశ్విని. ఆ దినం ఇండియాల తొమ్మిది గంటలకే రేవతి అయిపోయింది. ఈడ ఏడున్నర అంటే ఆడ పదకొండు. ఏం దోషం లేదు. పాడుపెట్టే పనే లేకుండె. నేను గుంటూరోళ్ళకు అప్పుడే చెప్పిన. మళ్ళ వస్తమంటున్నరు. గ్రూపుల గూడ పెడత, ఇగ ఇల్లు అమ్ముడుపోయినట్టే అనుకో."

నేను ఫోన్ పట్టుకుని వంటింట్లో కింద కూర్చుండిపోయాను. పాడుపెట్టే పనే లేదట. మూడు నెలలు. ఆ ఒంటి గది. చొక్కాల్లోంచి పోయిన వాసన. మెట్టు మీంచి నేను లాక్కొచ్చిన చెయ్యి. గడియారంలో మూడున్నర గంటలు కలపడం పంతులుగారికి తోచలేదు, బావగారికి తోచలేదు, ఐటీ ఉద్యోగం చేసే నాకూ తోచలేదు. రోజూ ఇండియా టీంతో మీటింగులకు ఆ మూడున్నర గంటలు కలిపేదాన్నే. ఆయన చావుకు కలపలేదు. అప్పుడు ఎవరు కలుపుతారు, ఎవరికి బుర్ర పనిచేస్తుంది. తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను.

"అక్కా, ఉన్నవా?" అంటున్నాడు వాడు.

"ఉన్నాను తమ్ముడూ. ఒకటి చెప్తాను. గ్రూపులో పెట్టకు."

"ఎందుకక్కా? అదే మనకు ప్లస్ పాయింట్."

"నీకు ప్లస్ పాయింట్. వచ్చే ప్రతివాళ్ళకూ నువ్వు అది చెప్పి అమ్ముతావు. చెప్పిన ప్రతిసారీ నేను వినాలి. నా కూతురు వినాలి. నా వల్ల కాదు."

"నువ్వు ఎట్లంటే అట్ల అక్కా," అని పెట్టేశాడు. మంచివాడు. వాడి తప్పు ఏమీ లేదు, వాడు నిజం కనిపెట్టాడు, అంతే.

అమ్మాయికి చెప్పకుండా ఉంటే బాగుండునని ఎంతో అనుకున్నాను. కానీ ఊళ్ళో మనవాళ్ళ పిల్లలు దానితోనే చదువుతారు, ఎవరి నోటో వింటుంది. స్కూలు నుంచి రాగానే అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పాను. ఇండియా టైము, ఇక్కడి టైము, పంచాంగం, రేవతి, అశ్విని. తెలుగులోనే చెప్పాను. అది తినడం ఆపలేదు. నేను చెప్పడం అయ్యాక చెంచా పక్కన పెట్టింది.

"అంటే అప్పుడు మనం ఇంట్లోనే ఉండొచ్చునా?" అని జర్మన్‌లో అడిగింది.

"ఉండొచ్చు."

"మొత్తం మూడు నెలలూ?"

"మొత్తం."

అది తల ఊపింది. కంచం తీసుకెళ్ళి సింకులో పెట్టి, కడిగి, పైకి వెళ్ళి తలుపేసుకుంది. కోప్పడి ఉంటే బాగుండేది. ఏ వస్తువైనా తీసి నా మొహాన కొట్టినా బాగుండేది. కింద నుంచి చెవి పెట్టి విన్నాను. ఏ చప్పుడూ లేదు.

మర్నాడు జర్మన్ మాక్లరిన్‌కు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడిగాను. ఆవిడ పైకప్పు గురించి అడిగినప్పుడు నాకు ఒళ్ళు మండిందని చెప్పాను కదా. ఇప్పుడు లోకంలో నాకు కావలసింది అదే అనిపించింది, ఆయన పోయాడని చెబితే పైకప్పు గురించి అడిగే మనిషి. ఆవిడ నక్షత్రం అడగదు, గంట అడగదు. శనివారం వచ్చింది. నేనే ముందుగా పుస్తకాలు దింపి బీరువా పక్కకు జరిపి పెట్టాను. బోర్డు తియ్యడానికి మనిషిని పంపుతానంది. తూర్పు తలుపును మూసెయ్యక్కర్లేదని, పెరటి తలుపుగా ఉండనివ్వచ్చని తనే అంది. అది విని కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. అమ్మాయి వద్దన్నా వచ్చి కూర్చుంది. మాక్లరిన్ తన కాగితాలు తీసి, ఇల్లు కొనేవాళ్ళు అడిగే ప్రశ్నలు వరసగా అడిగింది. బాయిలర్ ఏ కాలానిది, సెల్లార్‌లోకి ఎప్పుడైనా నీళ్ళొచ్చాయా, పక్కింటివాళ్ళతో గొడవలున్నాయా. అన్నిటికీ చెప్పాను.

"ఇల్లు ఎప్పుడైనా ఎక్కువ కాలం ఖాళీగా ఉందా? హీటింగ్ ఆపేసి ఉంటే పైపుల కోసం అడుగుతారు."

"మూడు నెలలు," అన్నాను. "రెండేళ్ళ కిందట. మా ఆయన పోయాక."

"ఎందుకు?" అంది ఆవిడ, పెన్ను కాగితం మీద ఆనించి.

మా ఆచారం అని మొదలుపెట్టాను. నక్షత్రానికి జర్మన్ మాట నాకు తెలుసు. కానీ ఆ తర్వాత మాట రాలేదు. బల్ల మీది చేతులు చూసుకుంటూ ఉండిపోయాను. మాక్లరిన్ తొందరపెట్టలేదు.

అప్పుడు మా అమ్మాయి చెప్పింది. స్కూల్లో లెక్క చేసి జవాబు తప్పు వస్తే టీచరుతో చెప్పే మాటే వాడింది. ఆవిడ మొహం కేసి చూస్తూ, స్పష్టమైన జర్మన్‌లో, "మేం లెక్క తప్పాం," అంది.